పైపు తిప్పితే పొగ పోతుందా?

విజయవాడ వన్‌టౌన్‌లో ఏదైనా గోడౌను ముందు సరుకు దించడానికి లారీ ఆగినప్పుడు, ఇంజను ఇంకా ఆపకుండా ఉంటే, కాస్త దూరంగా నిలబడి దాన్ని పరకాయించి చూడండి. సైలెన్సరు గొట్టం నుంచి పొగ వస్తుంది. అది అందరూ చూసేదే. కాని కొన్ని లారీలకు ఇంజను కింద, ముందు చక్రాల మధ్య, బొటనవేలంత లావు రబ్బరు గొట్టం ఇంకొకటి నేలవైపు వేలాడుతూ ఉంటుంది. దాని మూతి నుంచి ఊదుబత్తి పొగలా సన్నగా, తెల్లగా ఏదో వస్తూ ఉంటుంది. దాని కింద రోడ్డు మీద నల్లటి నూనె మచ్చ కనిపిస్తుంది.

సైలెన్సరు ఉండగా ఈ రెండో గొట్టం ఎందుకు? ఎవరు పెట్టారు? దాన్ని అలా రోడ్డు మీదికి వదిలెయ్యవచ్చునా?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు యంత్రశాస్త్రంలో దొరుకుతుంది. మూడో ప్రశ్న మాత్రం మీరూ నేనూ ఆలోచించి తేల్చుకోవలసినది. దాని గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అది చెప్పే ముందు ఆ గొట్టం కథ తెలుసుకుందాం.

రింగుల సందులోంచి

సైకిలు పంపు అందరూ కొట్టే ఉంటారు. దాని మూతిని వేలితో మూసి, పిడిని గట్టిగా కిందికి నొక్కి పట్టుకోండి. కొంతసేపటికి పిడి నెమ్మదిగా కిందికి దిగుతుంది. లోపలి గాలి ఎటు పోయింది? వాషరు పక్కల నుంచి పైకి జారుకుంది. వాషరు పాతదైతే ఇంకా త్వరగా జారుకుంటుంది.

డీజిలు ఇంజనులో జరిగేదీ ఇదే. సిలిండరులో పిస్టను పైకి కిందికి ఆడుతుంది. పిస్టను చుట్టూ తోలు వాషరుకు బదులు లోహపు రింగులు ఉంటాయి. ఒక్కొక్క రింగూ ఒకచోట తెగి, సన్నటి సందు వదిలి ఉంటుంది. ఆ సందు లేకపోతే వేడికి రింగు సాగి సిలిండరులో బిగుసుకుపోతుంది. డీజిలు మండినప్పుడు సిలిండరులో పీడనం మామూలు గాలి పీడనానికి నూరు రెట్లు దాటుతుంది. అంత ఒత్తిడిలో ఎంత మంచి రింగు అయినా కొంత వాయువును ఆపలేదు. అది రింగులను దాటుకుని కిందనున్న క్రాంకు కేసులోకి దిగుతుంది. ఆటోనగర్ మేస్త్రీలు దీన్నే 'బ్యాక్ కంప్రెషన్' అంటారు.

ఇది ఎంత ఉంటుందో ఒక చిన్న లెక్క వేద్దాం. ఆరు లీటర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. కాబట్టి నిమిషానికి 1000 సార్లు, ఒక్కోసారి 6 లీటర్ల చొప్పున, 6000 లీటర్ల గాలి పీలుస్తుంది. అందులో నూటికి ఒక్క వంతు కిందికి జారిందనుకుందాం. అది 60 లీటర్లు. అంటే 15 లీటర్లు పట్టే బక్కెట్లు నాలుగు. నిమిషానికి నాలుగు బక్కెట్ల వాయువు ఆ ఇనప పెట్టెలోకి వచ్చి పడుతోందన్నమాట!

క్రాంకు కేసులో క్రాంకు షాఫ్టు గిరగిర తిరుగుతూ ఉంటుంది. ఇంజను ఆయిలు నలుమూలలా చిమ్ముతూ ఉంటుంది. అందుచేత అక్కడికి వచ్చిన వాయువు ఒంటరిగా ఉండదు. అందులో మసి ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది, పొగమంచులా తేలే ఆయిలు తుంపర ఉంటుంది. ఇదంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. పోవడానికి పెట్టిన దారే బ్రీదరు గొట్టం. ఇంజను ఊపిరి వదిలే ముక్కు అనుకోండి.

ముక్కు మూస్తే?

మన ఇంట్లో ప్రెషర్ కుక్కరుకు వెయిటు లేచి ఆవిరి వదలకపోతే ఏమవుతుందో అమ్మను అడగండి. క్రాంకు కేసు సంగతీ అంతే. బ్రీదరు మూసుకుపోతే లోపల పీడనం పెరుగుతుంది. షాఫ్టు బయటికి వచ్చే చోట ఉండే ఆయిలు సీళ్లు ఆ ఒత్తిడికి ఓడిపోతాయి. ఆయిలు బయటికి కారుతుంది.

ఇంకో చిక్కు నీటితో. ఒక లీటరు డీజిలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరి రూపంలో సైలెన్సరు నుంచి పోతుంది. కాని కొంత క్రాంకు కేసులోకీ చేరుతుంది. బయటికి పోయే దారి లేకపోతే చల్లబడి నీరై ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పోసే మూత తీస్తే అడుగున పాలమీగడ లాంటి పసుప్పచ్చటి జిగురు కనబడటానికి ఒక కారణం ఇదే. ఇలా పాడైన ఆయిలు ఇంజనును కాపాడలేదు.

క్రాంకు కేసులో ఉండేది వట్టి గాలి కాదని ప్రపంచానికి గుర్తు చేసిన సంఘటన ఒకటి ఉంది. 1947 సెప్టెంబరు 11న 'రీనా డెల్ పసిఫికో' అనే ఓడ ఐర్లండు తీరాన బెల్‌ఫాస్టు దగ్గర పరీక్ష ప్రయాణం చేస్తోంది. దాని పెద్ద డీజిలు ఇంజనులో ఒక భాగం అతిగా వేడెక్కింది. క్రాంకు కేసులోని నూనె మంచు అంటుకుని పేలింది. 28 మంది చనిపోయారు. అప్పటి నుంచి పెద్ద ఇంజన్ల క్రాంకు కేసుల విషయంలో ఎంతో జాగ్రత్త పడుతున్నారు. మన రైళ్లను దశాబ్దాల పాటు లాగిన ఆల్కో రకం డీజిలు ఇంజన్లలోనైతే క్రాంకు కేసు నుంచి ఆవిరిని తోడివెయ్యడానికి ఒక మోటారే ఉండేది. లారీ ఇంజను చిన్నది. ఓడలో జరిగిన పేలుడు అందులో జరుగుతుందని భయపడనక్కరలేదు. కాని ముక్కు మూయకూడదన్న సూత్రం మాత్రం రెంటికీ ఒకటే.

రోడ్డు మీదికా, ఇంజనులోకా?

మొదట్లో ఇంజనీర్లు తేలిక దారి ఎంచుకున్నారు. గొట్టాన్ని రోడ్డు మీదికి వదిలేశారు. దాని మూతిని ఏటవాలుగా కోసేవారు. బండి పరుగెడుతుంటే మూతి దగ్గర పీడనం తగ్గి, లోపలి ఆవిరిని బయటికి లాగేది. బండి ఆగితే లాగుడూ ఆగేది. మన రోడ్ల మీద చాలాకాలం తిరిగిన పాత టర్బో లేని లారీలన్నీ దాదాపు ఇలాగే ఊపిరి వదిలాయి.

తరువాత అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరానికి ఒక పీడ పట్టుకుంది. పట్టపగలు కళ్లు మండించే పొగమంచు! 1950ల మొదట్లో హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాని గుట్టు విప్పాడు. బళ్ల నుంచి వచ్చే కాలని ఇంధన ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోన్‌నూ, ఇతర ఘాటు పదార్థాలనూ తయారు చేస్తున్నాయని తేల్చాడు. కారు నుంచి వచ్చే ఇంధన ఆవిర్లలో సుమారు అయిదో వంతు సైలెన్సరు నుంచి కాక ఈ బ్రీదరు గొట్టం నుంచే వస్తోందని తెలిసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో నిబంధన చేసింది. 1963 నుంచి కొత్త కార్లు తమ క్రాంకు కేసు ఆవిరిని తామే తిరిగి పీల్చుకుని మండించుకోవాలి. కార్ల కాలుష్యం మీద ఆ రాష్ట్రం వేసిన మొట్టమొదటి పట్టు ఈ చిన్న గొట్టం మీదే!

పెట్రోలు కారులో ఈ పని సులువు. గాలి లోపలికి పోయే దారిలో ఒక కవాటం ఉంటుంది. దాని వెనక పీడనం తక్కువగా ఉండి, స్ట్రా పీల్చినట్టు ఆవిరిని లాక్కుంటుంది. డీజిలు ఇంజనులో అంత లాగుడు లేదు. పైగా డీజిలు ఇంజను కుదించేది గాలిని మాత్రమే కాబట్టి, జారే వాయువులో కాలని ఇంధనం తక్కువ. అందుకని చాలా దేశాలు డీజిలు లారీలను చాలాకాలం చూసీ చూడనట్టు వదిలేశాయి. వాటి ఆవిరిలో మసి, ఆయిలు తుంపర ఉన్నా సరే.

ఇంతలో టర్బో వచ్చింది. సైలెన్సరుకు పోయే వేడి వాయువు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని కుదించి ఇంజనులోకి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరగగలదు. ఎక్కువ గాలి, ఎక్కువ డీజిలు, ఎక్కువ బలం. పీడనం ఎక్కువ కాబట్టి రింగుల సందుల్లోంచి జారేది కూడా ఎక్కువే.

ఇక్కడొక తిరకాసు ఉంది, జాగ్రత్తగా గమనించండి. టర్బో దాటాక గాలి పీడనం బయటి పీడనం కంటె ఎక్కువ. బ్రీదరు గొట్టాన్ని అక్కడ కలిపితే ఆవిరి ఇంజనులోకి పోవడానికి బదులు గాలే వెనక్కి క్రాంకు కేసులోకి దూరుతుంది. కాబట్టి టర్బోకు ముందు, ఎయిర్ ఫిల్టరుకు తరువాత కలపాలి. అక్కడ మంచి లాగుడు ఉంటుంది. కాని అలా కలిపితే ఆయిలు తుంపర టర్బో చక్రం గుండా పోవాలి. కుదిరిన గాలి వేడి 150 డిగ్రీల సెంటిగ్రేడు దాటవచ్చు. ఆ వేడికి తుంపర మాడి చక్రం మీద పెంకు కడుతుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరులో మిగతా ఆయిలు పేరుకుంటుంది. జిడ్డు పట్టిన ఇంటర్‌కూలరు గాలిని సరిగా చల్లార్చలేదు.

చూశారా? రోడ్డు మీదికి వదిలితే జనానికి చేటు. ఇంజనులోకి వదిలితే టర్బోకు చేటు. మేస్త్రీ ముందున్న నిజమైన చిక్కు ఇదే. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మా బాబాయి లారీ

మా బాబాయికి ఒక పది టైర్ల టర్బో లారీ ఉండేది. ఇంకా వాయిదాలు కట్టవలసి ఉన్న బండి. దాని మీదే ఇల్లు గడవాలి. ఒకసారి టర్బో దగ్గరి రబ్బరు గొట్టం విప్పితే లోపల ఆయిలు కనిపించింది. ఒక షెడ్డులో చూపించాడు. అక్కడి మేస్త్రీ మంచి పనివాడే.

"ఏం లేదు ఓనరుగారూ, బ్రీదరు ఆయిలు టర్బోలోకి కొడుతోంది. గొట్టం తీసేసి రోడ్డు మీదికి తిప్పేద్దాం. టర్బో పదికాలాలు ఉంటుంది" అన్నాడు.

"ఇంజనుకేం కాదు కదయ్యా?" అన్నాడు బాబాయి.

"ఏం కాదండీ. పాత బళ్లన్నీ ఇలాగే తిరిగాయి కదా!"

అరగంటలో పని అయిపోయింది. టర్బో ముందరి గొట్టానికి మిగిలిన రంధ్రాన్ని రబ్బరు ముక్కతో మూసి క్లాంపు బిగించారు. పొడవాటి గొట్టం ఒకటి ఛాసిస్ వెంట కిందికి కట్టారు. మూడు నెలలు అంతా బాగానే ఉంది. తరువాత బండి బలం తగ్గింది. ఆ తరువాత క్లచ్చి జారడం మొదలుపెట్టింది.

విప్పి చూస్తే తెలిసిన సంగతి ఇది. రంధ్రం మూసిన రబ్బరు ముక్క వేడికి బీటలు వారింది. ఆ రంధ్రం ఎయిర్ ఫిల్టరు తరువాత ఉంది కదా! అంటే ఫిల్టరుతో పని లేకుండా దుమ్ముకు రాజమార్గం దొరికింది. క్వారీ రోడ్ల దుమ్ము టర్బో చక్రం అంచులను కొరికేసింది. ఇంజనులోకి పోయి రింగులను అరగదీసింది. బ్యాక్ కంప్రెషన్ పెరిగింది. అదే సమయంలో కిందికి కట్టిన గొట్టం మూతికి బురద పట్టి సగం పూడిపోయింది. క్రాంకు కేసులో పీడనం పెరిగి వెనక సీలు కారింది. ఆ ఆయిలే క్లచ్చి మీద పడింది.

ఇంకొక విచిత్రం వినండి. టర్బో ఇరుసుకు పోసిన ఆయిలు తన బరువుతో తానే కిందికి, క్రాంకు కేసులోకి దిగుతుంది. క్రాంకు కేసులో పీడనం పెరిగితే ఆ ఆయిలు దిగలేదు. ఇరుసు సీళ్ల నుంచి బయటికి కక్కుతుంది. అంటే టర్బోను కాపాడాలని తిప్పిన గొట్టమే చివరికి టర్బోను పాడు చేసింది!

ఇంజను బోరు చేయించక తప్పలేదు. ఆ ఏడాది మా చెల్లెలి కాలేజీ చదువు ఒక సంవత్సరం వెనకబడింది.

అసలు మొదట అంత ఆయిలు ఎందుకు వచ్చింది? ఆ రెండోసారి విప్పినప్పుడు ఒక వృద్ధ మేస్త్రీ చెప్పాడు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో బిగిసిపోయి ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పీల్చినప్పుడు ఎంత గట్టిగా పీల్చాలో, ఇంజనూ అంత గట్టిగా పీల్చింది. ముందర దారి మూసుకుపోయేసరికి పక్కదారిలోని ఆయిలు తుంపరను ఎక్కువగా లాక్కుంది. పైగా ఆయిలు గేజి పుల్ల మీద పై గీత దాటేలా పోశారు. బ్రీదరులో తుంపరను పట్టే జాలీ ఏళ్ల తరబడి మార్చలేదు. మూడూ చిన్న చిన్న లోపాలే. మూడింటినీ కలిపి సరిచేసినా బోరు ఖర్చులో పదో వంతు కూడా అయ్యేది కాదు.

తిప్పడం వేరు, తీర్చడం వేరు

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఆయిలు ఎక్కువగా వస్తోందని బ్రీదరు గొట్టాన్ని రోడ్డు మీదికి తిప్పడం మరమ్మతు కాదు. అది లోపాన్ని కనబడని చోట పెట్టడం.

జ్వరం వస్తే వైద్యుడు థర్మామీటరు పెడతాడు. థర్మామీటరును కిటికీలోంచి విసిరేస్తే జ్వరం తగ్గినట్టు కాదు కదా! బ్రీదరు నుంచి వచ్చే ఆవిరి కూడా ఇంజను ఒంట్లోని సంగతి చెప్పే సాధనం. అనుభవం గల మేస్త్రీ దాని జోరు చూసి రింగులు ఎంత అరిగాయో అంచనా కడతాడు. జాడ చెప్పేదాన్ని దూరంగా పెడితే జబ్బు ముదిరేదాకా తెలియదు.

"పాత బళ్లన్నీ ఇలాగే తిరిగాయి కదా" అనే వాదన మీకు చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ బళ్ల ఇంజన్లను మొదటి నుంచీ అలా తిరగడానికే తయారు చేశారు. వాటికి టర్బో లేదు, మూయవలసిన రంధ్రమూ లేదు. ఒక ఇంజనుకు సరిపోయిన సలహా ఇంకొక ఇంజనుకు సరిపోవాలని లేదు. పైగా పాత బళ్లు చేసిన పని అంతా మంచిదేనా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకే వద్దాం. రోడ్డు మీదికి వదిలిన ఆవిరి ఎక్కడికి పోతుంది? గాలిలో కలిసిపోతుందంటారు. గాలి అంటే ఎవరి గాలి? లారీ ఆగి ఉండగా పక్కనే బస్తాలు మోసే ముఠా కూలీల గాలి. వీల్ పక్కన కూర్చుని టైరు చూసే క్లీనరు గాలి. అదే రోడ్డున సైకిలు మీద బడికి పోయే మీ గాలి. కాలువలకూ కొండకూ మధ్య ఇరుకు సందులతో ఉన్న వన్‌టౌన్‌లో పొగ అంత త్వరగా చెదరదు. చిట్టినగర్ సొరంగంలో నడిచిన వాళ్లకు ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

క్రాంకు కేసు నుంచి వచ్చే తుంపరలో చాలా బిందువులు ఒక మైక్రాను కంటె చిన్నవి. మీ తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. అంత చిన్న బిందువులను ముక్కులోని వెంట్రుకలు ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతులకు పోతాయి. సైలెన్సరు నుంచి వచ్చే డీజిలు పొగ మనుషులకు కాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించింది. బ్రీదరు ఆవిరిలో కూడా ఆ మంటలో పుట్టిన మసే ఉందని మరిచిపోకూడదు.

అమెరికాలో క్లీన్ ఎయిర్ టాస్క్ ఫోర్సు అనే సంస్థ స్కూలు బస్సులలో పిల్లలు పీల్చే గాలిని కొలిచి 2005లో ఒక నివేదిక ప్రకటించింది. బస్సు లోపలికి చేరే సన్నటి కణాలకు సైలెన్సరుతో పాటు, ముందు తలుపు దగ్గర ఇంజను కింద తెరిచి ఉన్న బ్రీదరు గొట్టం ఒక ముఖ్య కారణమని తేలింది! సైలెన్సరు వెనక ఉంటుంది, దానికి ఫిల్టరు బిగించవచ్చు. బ్రీదరు పిల్లలు ఎక్కే గుమ్మం కిందే ఉంది. దాని సంగతి అంతవరకూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

2007 మోడలు నుంచి అమెరికాలో టర్బో డీజిళ్లకు కూడా మినహాయింపు పోయింది. క్రాంకు కేసు ఆవిరిని లోపలికే తిప్పుకోవాలి, లేదా దాన్ని కూడా సైలెన్సరు పొగతో కలిపి లెక్క చూపాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు అమలులోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలు కూడా ఈ దారిలోవే. లెక్కలో చేర్చడం అన్న మాట నాకు చాలా నచ్చింది. ఎటు తిప్పినా లెక్క నుంచి తప్పించుకోలేవని దాని అర్థం.

మీగడ తీసే యంత్రం

అయితే టర్బో మాటేమిటి? లారీ యజమాని నష్టపోవాలా? అక్కరలేదు. ఆవిరిలోంచి ఆయిలును వేరుచేసి, ఆయిలును తిరిగి చాంబరులోకి, మిగిలిన వాయువును ఇంజనులోకి పంపితే ఇద్దరికీ మేలు. అలా వేరుచేసే సాధనాలు ఉన్నాయి. కొన్నింటిలో సన్నటి పోగుల దిండు ఉంటుంది. తుంపర దాంట్లో చిక్కుకుని, బిందువులు ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి కిందికి జారతాయి.

ఇంకో రకం మరీ ముచ్చటైనది. వన్‌టౌన్ పక్కనే చిట్టినగర్‌లో పాల ఫ్యాక్టరీ ఉంది. పాల నుంచి మీగడను వేరు చేయడానికి అలాంటి చోట గిరగిర తిరిగే యంత్రాలు వాడతారు. బరువైన పాలు అంచుకు, తేలికైన మీగడ మధ్యకు పోతాయి. స్వీడను దేశపు ఇంజనీరు గుస్టాఫ్ డి లావల్ 1878లో అలాంటి యంత్రాన్ని తయారు చేశాడు. దానిలో ఒకదానిపై ఒకటి పేర్చిన గిన్నెల్లాంటి పళ్లేలను తరువాత చేర్చారు. నూరేళ్లు గడిచాక, ఈ శతాబ్దం మొదట్లో, అదే స్వీడనులో ఇంజనీర్లు ఆ పళ్లేల దొంతరను చిన్నదిగా చేసి లారీ ఇంజనుకు బిగించారు. ఇంజను ఆయిలు పీడనంతోనే అది తిరుగుతుంది. బరువైన ఆయిలు బిందువులు అంచుకు పోయి చాంబరులోకి కారతాయి. శుభ్రపడిన వాయువు టర్బోకు పోతుంది. పాల యంత్రం లారీకి పనికొచ్చింది!

ఇలాంటి సాధనం బండితోనే వచ్చి ఉంటే దాన్ని సమయానికి శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. లేని పాత టర్బో బళ్లకు ఇంజనుకు తగిన కొలతగలది ఎంచి, ఎయిర్ ఫిల్టరు దారిని దుమ్ము చొరకుండా మూసి బిగించాలి. సాధనం కొలత తక్కువైతే అదే అడ్డుగా మారి పీడనం పెంచుతుంది. ఆగిన ఆయిలును సీసాలో పట్టి కాలువలో పారబోస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. కృష్ణ నీరు ఆ కాలువల్లోంచే పొలాలకూ, ఊళ్లకూ పోతుంది సుమా!

ఖర్చు మాటేమిటని మీరు అడగవచ్చు. నిజమే, గొట్టం తిప్పడం చౌక. కాని చౌక ఎవరికి? యజమాని మిగుల్చుకున్న డబ్బు క్లీనరు దగ్గులోనో, ముఠా కూలీ మందుల ఖర్చులోనో తేలుతుంది. మా బాబాయి విషయంలోనైతే యజమానికే తేలింది. ఏ ఖర్చయినా మన జేబులోంచి పోయినంత మాత్రాన మాయమైపోదు, ఇంకొకరి జేబు మీద పడుతుంది. ఆ లెక్క చూడడం కూడా యంత్రశాస్త్రంలో భాగమేనని నా నమ్మకం.

మీరు ఏం చేయవచ్చు?

నడుస్తున్న ఇంజను దగ్గరికి వెళ్లకండి, గొట్టాలు ముట్టుకోకండి. దూరం నుంచే చేయగల పని ఒకటుంది. లారీలు ఎక్కువగా ఆగే చోట రోడ్డును చూడండి. చక్రాలు నడిచే రెండు జాడల మధ్య నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తే నోటుపుస్తకంలో రాసుకోండి. అక్కడ ఎన్ని బళ్లు ఆగుతాయో, వాటిలో ఎన్నిటి కింద గొట్టం వేలాడుతోందో వారం రోజులు లెక్కపెట్టండి. మీ సైన్సు మాస్టారికి చూపించండి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో లారీ డ్రైవరో, మేస్త్రీయో ఉంటే వారిని ఒక ప్రశ్న అడగండి: "గొట్టం తిప్పే ముందు ఆయిలు ఎందుకు వస్తోందో చూశారా?" మర్యాదగా అడగండి. వారికి మీకంటె ఎక్కువే తెలుసు. పని తొందరలో ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఉంటారు, అంతే.

మీలో కొందరు రేపు ఆటోనగర్‌లో షెడ్డు పెడతారు. కొందరు ఇంజనీర్లవుతారు. ఎప్పుడో ఒకరోజు మీ ముందుకు ఒక లారీ వస్తుంది, దాని యజమాని తొందర పెడుతూ ఉంటాడు, చేతిలో ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని ఎటు తిప్పాలా అని ఆలోచించే ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి.